సైనిక చర్యకు డబ్బు: పార్లమెంటు చేతిలో ఉన్నదెంత?

చంపావతి_గట్టు
విజీనారంలో డిగ్రీ పిల్లల వక్తృత్వ పోటీకి అంశం ఇచ్చారు: సైనిక చర్య ఖర్చు మీద చట్టసభకు అదుపు ఉండాలా? పిల్లలంతా అమెరికా గురించే రాసుకొస్తున్నారు. మన దేశం సంగతి అడిగితే ‘పార్లమెంటు బడ్జెట్ ఆమోదిస్తుంది’ అన్న ఒక్క ముక్కతో సరి. నాకు కావలసింది ఇది: రేపు కేంద్రం ఒక సైనిక చర్య మొదలుపెడితే మొదటి రూపాయి ఎక్కణ్నుంచి వస్తుంది, లోక్‌సభ దాన్ని ఎక్కడ ఆపగలదు, ఆపలేకపోతే ఎందుకని? తెలిసినవాళ్లు అధికరణల నంబర్లతో సహా చెప్పండి.

వంశధార
ముందు రెంటినీ విడదీయండి మాస్టారూ. సైన్యాన్ని దించాలా వద్దా అన్నది ఒకటి, దానికి డబ్బు ఇంకొకటి.

దించడానికి పార్లమెంటు ముందస్తు అనుమతి కావాలని మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 53(2) ప్రకారం త్రివిధ దళాల సర్వాధిపత్యం రాష్ట్రపతిది, దాని వినియోగాన్ని చట్టం క్రమబద్ధం చేయవచ్చు. కేంద్ర జాబితాలో 15వ అంశం ‘యుద్ధం, శాంతి’. అంటే పార్లమెంటు తలుచుకుంటే చట్టం చేసుకోవచ్చు. ఇన్నేళ్లలో చేసుకోలేదు. కాబట్టి నిర్ణయం మంత్రివర్గానిదే.

డబ్బు దగ్గరకొస్తే గీత గట్టిదే. 114(3): ద్రవ్య వినిమయ చట్టం లేకుండా సంచిత నిధి (కేంద్రం రాబడి, అప్పులు చేరే ఖజానా) నుంచి పైసా తీయకూడదు. 113: ప్రతి పద్దునూ, అంటే ఒక్కో ఖర్చుకు శాఖ అడిగే మొత్తాన్ని, లోక్‌సభ ముందు పెట్టాలి, సభ ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచడం మాత్రం కుదరదు. రాజ్యసభకు పద్దుల మీద ఓటు లేదు. రక్షణ ఖర్చు ఓటు అక్కర్లేని ‘ఛార్జ్‌డ్’ కోవలోది అనుకునేవాళ్లు చాలామంది. కాదు. కోర్టు డిక్రీల చెల్లింపుల్లాంటి చిన్న మొత్తాలే ఆ కోవలోకి వస్తాయి, మిగతాదంతా ఓటుకు వచ్చేదే.

తాటిముంజి
అయితే ఓటు ఉన్నట్టే కదేటి. మరి ఎప్పుడైనా ఆపినారా బావూ?

మూడులాంతర్లు
ఆపలేదు. ఎందుకో తెలియాలంటే పద్దు పుస్తకం తెరవాలి. 2025-26లో రక్షణ శాఖవి నాలుగు పద్దులు. 19: శాఖ సివిల్ ఖర్చు, 28,682 కోట్లు. 20: రక్షణ సేవలు రెవెన్యూ, 3,11,732 కోట్లు. 21: పెట్టుబడి వ్యయం, 1,80,000 కోట్లు. 22: పింఛన్లు, 1,60,795 కోట్లు. అంతా కలిపి సుమారు 6.81 లక్షల కోట్లు.

ఇప్పుడు 20వ పద్దు లోపలికి రండి. పద్దులోని పెద్ద లెక్కల గడులు మేజర్ హెడ్లు, వాటి కింద చిన్నవి మైనర్ హెడ్లు. మేజర్ హెడ్ 2076 సైన్యం, 2077 నౌకాదళం, 2078 వైమానిక దళం. 2076 కింద మైనర్ హెడ్లు చూడండి: 101 జీతభత్యాలు, 105 రవాణా, 110 స్టోర్స్, 111 పనులు, 112 రాష్ట్రీయ రైఫిల్స్. ఫలానా సైనిక చర్య అని ఒక హెడ్ ఎక్కడా కనపడదు. కిరాణా, బట్టలు, బండి కిరాయి అని పద్దులు రాసుకునే ఇంట్లో పెళ్లికి ఎంతయిందంటే ఎవరు చెప్పగలరు? ఇదీ అంతే. జవాన్లను రైలెక్కించి సరిహద్దుకు పంపితే 105లో పడుతుంది. డీజిల్, రేషన్, మందుగుండు 110లో. బంకరు కడితే 111లో. జీతం ఎలాగూ ఇచ్చేదే.

అందుకని మాస్టారి మొదటి ప్రశ్నకు జవాబు: మొదటి రూపాయి మార్చిలో ఓటేసేసిన 20వ పద్దులోంచే వస్తుంది. ఆ రోజున కొత్తగా అడగాల్సిన పనే లేదు. సభ ఓటేసింది వస్తువుల రకానికి, ఏ పనికి వాడతారన్నదానికి కాదు.

చంపావతి_గట్టు
ఇది పిల్లలకి బాగా పనికొస్తుంది. ఆ డబ్బు మధ్యలో అయిపోతే?

మూడులాంతర్లు
నాలుగు దార్లున్నాయి, వాడుక వరసలో చెప్తాను.

మొదటిది సర్దుబాటు. ఒకే పద్దులో ఒకే సెక్షన్ లోపల ఒక హెడ్‌లో మిగిలింది ఇంకో హెడ్‌కి మార్చుకోవచ్చు. రెవెన్యూ నుంచి పెట్టుబడికి మార్చకూడదు, ఓటు పడిన దాన్నుంచి ఛార్జ్‌డ్‌కి మార్చకూడదు, ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకి అసలు కుదరదు.

రెండోది అనుబంధ పద్దు, ఏడాది మధ్యలో అదనంగా అడిగేది, 115వ అధికరణ. అది చదివేవాళ్లు తక్కువ గాని అసలు రుచి అక్కడే ఉంది. పేజీలో మేజర్ హెడ్ నంబరు, కింద రెండు వాక్యాలు, చివర ‘ఈ పద్దులోని మిగుళ్ల నుంచి సర్దుబాటు జరుగుతుంది కాబట్టి నామమాత్రపు కేటాయింపు కోరుతున్నాం’ అన్న ధోరణిలో ఒక మాట. కోరిన మొత్తం లక్ష రూపాయలు, కోట్ల గడిలో 0.01 అని ఉంటుంది. ఆ లక్ష వెనక వందల కోట్ల మళ్లింపు ఉండొచ్చు. మొత్తాల గడి ఒక్కటే చూసేవాడికి ఏమీ కనపడదు, వివరణ చదివినవాడికే దొరుకుతుంది.

మూడోది ఆగంతుక నిధి, 267వ అధికరణ. 500 కోట్లుండేది, 2021 ఫైనాన్స్ చట్టంతో 30,000 కోట్లయింది. సభ లేనప్పుడు దీన్లోంచి తీసి, సభ కూడాక అనుబంధ పద్దు పెట్టి తిరిగి నింపాలి. 20వ పద్దులో పదో వంతు కూడా లేదు కాబట్టి దీనితో పెద్ద యుద్ధం నడవదు గాని, మొదటి వారాలకి చాలు.

నాలుగోది, మంజూరు దాటి ఖర్చు పెట్టేయడం. తర్వాత కాగ్ (ప్రభుత్వ లెక్కల ఆడిటరు) బయటపెడితే పీఏసీ (పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం) విచారించి, 115(1)(బి) కింద అదనపు మంజూరుగా క్రమబద్ధం చేస్తారు. డబ్బు అప్పటికి ఖర్చయిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని అదుపు అనలేం, పోస్టుమార్టం.

వంశధార
ఐదోది కూడా రాజ్యాంగంలో ఉంది, ఎవరూ పట్టించుకోరు. 116(1)(బి), వోట్ ఆఫ్ క్రెడిట్. పూర్తి బడ్జెట్ ఆమోదం అయ్యేలోపు ఖర్చులకు ఇచ్చే ఓటాన్ అకౌంట్ 116(1)(ఎ), ఇది దాని పక్కనే. ఖర్చు ఎంతో, దేనికెంతో మామూలు బడ్జెట్ వివరాలతో చెప్పలేనంత పెద్దదో అనిశ్చితమైనదో అయినప్పుడు వివరాలు లేకుండానే సభ ఒక మొత్తం ఇచ్చేయవచ్చు. యుద్ధానికి సరిగ్గా సరిపోయే సాధనం. బ్రిటన్‌లో 1914 ఆగస్టు 6న కామన్స్ సభ పది కోట్ల పౌండ్లు ఇచ్చింది ఈ పద్ధతిలోనే.

దీన్లో వివరం తక్కువ గాని, ‘ఈ చర్యకు ఇంత’ అని విడిగా సభ ముందుకు రావాల్సి ఉంటుంది. మూడులాంతర్లు గారు చెప్పిన లోటు అక్కడ తీరుతుంది. మన ప్రభుత్వాలకు 20వ పద్దు ఉండగా ఈ గొడవ ఎందుకు అనిపించడం సహజమే.

కోరుకొండ_గంట
ఒక మాట. ఇక్కడ అందరూ డబ్బు ‘ఆపడం’ గురించే మాట్లాడుతున్నారు. సరిహద్దులో దళం దిగాక డబ్బు ఆపితే ముందు ఆగేది ఏమిటో చూడండి. మందుగుండు ఆగదు, అది డిపోల్లో ముందే ఉంటుంది. కాంట్రాక్టు వాహనాలు, తాజా రేషను, చలి బట్టలు ఆగుతాయి. ఎత్తైన చోట శీతాకాలానికి నిల్వలు వేసవిలోనే, కనుమలు తెరిచి ఉండగానే పైకెక్కించాలి. జులైలో డబ్బు బిగిస్తే ఆ దెబ్బ జనవరిలో తగులుతుంది, అప్పటికి సరిచేయడానికి దారి ఉండదు. సిక్కోలు, విజీనారం ఊళ్లలో ఎన్నిళ్ల కుర్రాళ్లు పటాలంలో ఉన్నారో అందరికీ తెలుసు. డబ్బు తాళం జవాను మీద పడకూడదు.

ఏడురోడ్ల_కూడలి
గంట గారి మాట సగం నిజం. అందుకే అమెరికాలో కోత పెట్టినప్పుడు తేదీ పెట్టి, వెనక్కి రావడానికి వ్యవధి విడిచిపెట్టిన సందర్భాలున్నాయి. సోమాలియా చూడండి. 1994 ఆర్థిక సంవత్సరపు రక్షణ కేటాయింపుల చట్టంలో ‘1994 మార్చి 31 తర్వాత దళాల కార్యకలాపాలకు నిధులు వాడరాదు’ అని పెట్టారు. అధ్యక్షుడు అంతకు ముందే ఆ తేదీకి ఒప్పుకున్నాడు. దళాలు తిరిగొచ్చేశాయి. గొడవ లేదు.

కంబోడియా కథ వేరు. అక్కడ పదాతి దళాలు నడపడానికి, సలహాదారులను పంపడానికి నిధులు వాడరాదని 1971 జనవరిలోనే చట్టమైంది. బాంబులు మాత్రం పడుతూనే ఉన్నాయి, ఎందుకంటే నిషేధంలో విమానాల మాట లేదు. 1973 జూన్‌లో కాంగ్రెస్ పూర్తి నిషేధం పెడితే నిక్సన్ వీటో చేశాడు. దాన్ని తోసిపుచ్చే మూడింట రెండొంతుల బలం ప్రతినిధుల సభలో రాలేదు. చివరికి ఆగస్టు 15 గడువుతో రాజీ కుదిరింది. ఆరు వారాల బాంబింగుకు అలా ఒప్పుకున్నట్టయింది. పిల్లలకు చెప్పాల్సింది ఇదే: నిషేధం వాక్యంలో భూమి, ఆకాశం, సముద్రం, సలహాదారులు, మూడో దేశం ద్వారా ఇచ్చే సాయం, ఒక్కటి మర్చిపోయినా ఖర్చు అటు జారిపోతుంది. ఎనభైల్లో నికరాగువా తిరుగుబాటుదార్లకు సాయం ఆపేసిన బోలాండ్ సవరణలనూ ఇలాగే పక్కదారిన దాటబోయి, 1986లో ఇరాన్–కాంట్రా కుంభకోణంగా బయటపడ్డారు.

తాటిముంజి
వీటో ఉన్నంత కాలం కాంగ్రెస్ చేతిలో ఏటున్నట్టు మరి?

ఏడురోడ్ల_కూడలి
బాగా పట్టుకున్నారు. మామూలు చట్టంతో ఆపాలంటే మూడింట రెండొంతుల మంది కావాలి. 2019లో యెమెన్ యుద్ధంలో అమెరికా పాత్ర ఆపాలన్న తీర్మానం ఉభయ సభల్లో నెగ్గి వీటోలో పోయింది. కానీ డబ్బు విషయంలో ఇంకో దారుంది, కొత్తగా ఇవ్వకపోవడం. అమెరికా రాజ్యాంగంలో సైన్యానికి కేటాయింపు రెండేళ్లకు మించకూడదని రాసి ఉంది. ఇవ్వనిదాన్ని వీటో చేయలేరు. అందుకే ఏ ఏడాదికా ఏడాది బిల్లు మీదే పట్టు.

లీకులు అక్కడా ఉన్నాయి. ఒకటి, 1861 నాటి ఫీడ్ అండ్ ఫోరేజ్ చట్టం. బట్టలు, తిండి, ఇంధనం, వసతి, రవాణా, వైద్య సామగ్రికి కేటాయింపు లేకపోయినా సైన్యం అప్పు పడొచ్చు. వియత్నాం కాలంలోనూ వాడారు. రెండు, కాంట్రాక్టు కుదిరిన రోజున డబ్బు ‘కట్టుబడి’ అయిపోతుంది, చెల్లింపు తర్వాతెప్పుడో. కోత కొత్త కట్టుబడులకే తగిలితే పాతవి నడుస్తూనే ఉంటాయి. అందుకే పకడ్బందీగా రాసేవాళ్లు కట్టుబడి, ఖర్చు రెండూ కూడదని రాస్తారు.

1973 యుద్ధాధికారాల తీర్మానం సంగతీ చెప్తాను. 48 గంటల్లో నివేదిక, 60 రోజుల గడువు, వెనక్కి రావడానికి ఇంకో 30. దాన్లో 8వ సెక్షన్ ముఖ్యం: డబ్బు ఇచ్చినంత మాత్రాన యుద్ధానికి ఒప్పుకున్నట్టు కాదు, ఆ చట్టంలోనే అలా స్పష్టంగా చెబితే తప్ప. అయినా 1999లో కొసొవో మీద దాడులకు ఆమోదం తీర్మానం ప్రతినిధుల సభలో 213–213తో సమానమై పడిపోయింది, తర్వాత అదే కాంగ్రెస్ అత్యవసర నిధులు ఇచ్చింది. 2011 లిబియాకి ఆమోదం 295–123తో తిరస్కరించారు, అదే రోజు డబ్బు ఆపే బిల్లును 238–180తో తిరస్కరించారు. ఒప్పుకోలేదు, ఆపనూ లేదు. బాధ్యత తప్పించుకోవడం చట్టసభలకి కూడా బాగానే వచ్చు.

వంశధార
ఆ చివరి మాట మన దగ్గరా వర్తిస్తుంది. 1962లో నెహ్రూ సమావేశాల్ని ముందుకు జరిపి నవంబరు 8న సభ కూర్చోబెట్టారు, యుద్ధం నడుస్తుండగానే చర్చ జరిగింది. 1999లో లోక్‌సభే లేదు. ఏప్రిల్ 17న ప్రభుత్వం పడిపోయింది, బడ్జెట్ చర్చ లేకుండా ఆమోదించి 26న సభ రద్దు చేశారు. కార్గిల్ మేలో మొదలై జులై 26కి ముగిసింది, కొత్త సభ వచ్చింది అక్టోబరులో. రాజ్యసభను ప్రత్యేకంగా పిలవమని అడిగినా పిలవలేదు. 85వ అధికరణ రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదంటుంది. అంటే ఆరు నెలల లోపు యుద్ధానికి సభ కూడకపోయినా రాజ్యాంగం ఊరుకుంటుంది. 2025లో ఆపరేషన్ సిందూర్ మే 7న, లోక్‌సభలో చర్చ జులై 28, 29న. చర్చే, డబ్బు మీద ఓటు కాదు.

సిక్కోలు_సీతాఫలం
మన ఎంపీల చేత కోత తీర్మానం, అదే పద్దు మొత్తాన్ని తగ్గించమనేది, పెట్టించలేమా? పిల్లలు నమూనా అడిగితే ఏమివ్వాలి?

మూడులాంతర్లు
నమూనా ఇవ్వొచ్చు. మూడు రకాలు. విధానాన్ని వ్యతిరేకిస్తే పద్దును 1 రూపాయికి తగ్గించాలంటారు. పొదుపు కోతకు ఇంత మొత్తం అని చెప్పాలి. ఒక ఫిర్యాదు వినిపించాలంటే 100 రూపాయల టోకెన్ కోత. ఈ మూడోది ఇలా రాస్తారు:

‘రక్షణ సేవలు (రెవెన్యూ) పద్దు కింద కోరిన మొత్తాన్ని 100 రూపాయలు తగ్గించాలి. విషయం: సరిహద్దులో సైనిక చర్యల వల్ల పడిన అదనపు ఖర్చును విడిగా చూపకపోవడం.’

అంతే. ఒకే పద్దు, ఒకే విషయం. వాదన, వ్యంగ్యం ఉండకూడదు. కోర్టులో ఉన్నది, ఛార్జ్‌డ్ ఖర్చు, రాష్ట్రాల వ్యవహారం ఎత్తకూడదు, చట్టాన్ని సవరించమని అడగకూడదు. పద్దు చర్చకొచ్చే రోజుకు ఒక రోజు ముందే నోటీసు పడాలి, లేకపోతే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ‘మరియు’ దగ్గర జాగ్రత్త, రెండు విషయాలు ఒకదాన్లో కుక్కితే తిరస్కరిస్తారు.

ఎవరి చేత పెట్టించాలన్నది వేరే తలనొప్పి. ఎచ్చెర్ల వాళ్లు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా లోక్‌సభకు ఓటేసేది విజయనగరం సీటుకి, పాలకొండ వాళ్లది అరకు, శృంగవరపుకోట వాళ్లది విశాఖపట్నం. ముందు మీ ఎంపీ ఎవరో చూసుకోండి. శ్రీకాకుళం ఎంపీ ఇప్పుడు కేంద్ర మంత్రి, మంత్రులు కోత తీర్మానాలు ఇవ్వరు. కూటమిలో ఉన్న సభ్యుడు ఇచ్చినా ఓటు దాకా తీసుకెళ్లడు. ఒక్క కోత నెగ్గినా ప్రభుత్వం మీద సభకు నమ్మకం పోయినట్టే లెక్క కాబట్టి పార్టీ విప్ వస్తుంది. అలాంటప్పుడు రాతపూర్వక ప్రశ్న వేయించడం మేలు.

ఇంకా దిగువ సంగతి, గిలటిన్. కేటాయించిన రోజుల్లో ఆఖరి రోజు మిగిలిన పద్దులన్నీ ఒక్క గంపగా ఓటుకు పెడతారు. 2018 మార్చి 14న, 2023 మార్చి 23న రక్షణతో సహా అన్నీ అలాగే చర్చ లేకుండా దాటిపోయాయి. నోటీసు ఇచ్చిన కోత తీర్మానాలు ఆ గంపలోనే పోతాయి.

తాటిముంజి
ఆరు లక్షల ఎనభై వేల కోట్లు గంపలోనా! ఓలమ్మో.

కోరుకొండ_గంట
గిలటిన్ ఒక్కదాన్నీ తిట్టి లాభం లేదు. దానికి ముందు పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం పద్దుల్ని వారాల తరబడి చూస్తుంది, 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ సభ్యులు, అధికారుల్ని పిలిపించి అడుగుతారు. సిఫార్సు మాత్రమే, నిజమే. కానీ మందుగుండు నిల్వలు, విడిభాగాలు, కొనుగోళ్ల జాప్యం గురించి అక్కడ వచ్చినంత సమాచారం సభ చర్చల్లో రాదు. పిల్లల చేత ఆ నివేదికలు చదివించండి.

మూడులాంతర్లు
ఒప్పుకుంటాను. దాని పక్కనే కాగ్ 2001 నాటి 7ఎ నివేదిక కూడా చదివించండి, ఆపరేషన్ విజయ్ (కార్గిల్ పోరు) కోసం సైన్యం చేసిన కొనుగోళ్ల మీద. అత్యవసరం అని మామూలు నిబంధనలు సడలించి కొన్న సరుకులో అధిక భాగం పోరు ముగిశాకే చేరిందని కాగ్ తేల్చింది. శవపేటికల కొనుగోలు గొడవ బయటికొచ్చిందీ దీన్లోంచే, తర్వాత కోర్టులో ఆ కేసు నిలవలేదు. పీఏసీ విచారణకు దిగితే కేంద్ర విజిలెన్స్ కమిషన్ నివేదిక రహస్యం అని రక్షణ శాఖ ఇవ్వలేదు. ఖర్చయ్యాక అడిగే అదుపు కూడా కాగితం చేతికొస్తేనే. 2019లో రఫేల్ విమానాల కొనుగోలు మీద కాగ్ నివేదిక వచ్చినప్పుడు ధరల అంకెలు బయటపెట్టలేదు.

చంపావతి_గట్టు
అయితే ‘అదుపు ఉండాలి’ అనే పక్షం పిల్లలు ఏమని అడగాలి? డబ్బు ఆపాలి అంటే గంట గారి వాదనకు ఓడిపోతారు.

వంశధార
జర్మనీని పట్టుకోమనండి. 1994 జులై 12న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, సాయుధ దళాల్ని బయటికి పంపాలంటే పార్లమెంటు ఒప్పుకోవాలని తీర్పిచ్చింది. 2005లో చట్టమైంది. ప్రభుత్వం పెట్టే దరఖాస్తులో ఏముండాలో చట్టమే చెప్తుంది: పని ఏమిటి, ఏ ప్రాంతం, చట్టపరమైన ఆధారం, గరిష్ఠంగా ఎంతమంది, ఏ సామర్థ్యాలు, ఎంత కాలం, అంచనా ఖర్చు, దానికి డబ్బు ఎక్కణ్నుంచి. సభ అవుననాలి లేదా కాదనాలి, సవరించడానికి లేదు. వెంటనే కదలాల్సి వస్తే ముందు పంపి తర్వాత ఆమోదం అడగొచ్చు. కొనుగోళ్లకు విడిగా ఇంకో కట్టడి ఉంది, రెండున్నర కోట్ల యూరోలు దాటిన ఒప్పందం బడ్జెట్ సంఘం ముందుకు రావాలి.

ఏడురోడ్ల_కూడలి
జర్మనీ తన గడ్డ మీద దాడి జరిగితే ఎలా అన్నదానికి వేరే ఏర్పాటు పెట్టుకుంది. మనకు సరిహద్దు గొడవలే ఎక్కువ, ప్రతిపక్షం పిల్లలు అది ఎత్తి చూపుతారు. జవాబు సిద్ధం చేసుకోండి.

మూడులాంతర్లు
జవాబు చట్టం దాకా కూడా వెళ్లక్కర్లేదు. ముందస్తు ఓటు అడగొద్దు, లెక్క అడగండి. రక్షణ లెక్కల్లో మైనర్ హెడ్ కింద ఇంకా చిన్న గడులు, కోడ్ హెడ్లు, ఉంటాయి. 105, 110, 111 ఒక్కోదాని కింద ఒక చర్యకు ఒక కోడ్ హెడ్ తెరిస్తే, యూనిట్ నుంచి వచ్చే ప్రతి బిల్లు మీదా ఆ నంబరు పడుతుంది, నెల తిరిగేసరికి అదనపు ఖర్చు ఎంతో కూడికలో వచ్చేస్తుంది. బ్రిటన్‌లో సైనిక చర్యల నికర అదనపు ఖర్చు అని ఇలాగే విడిగా తీసి ఖజానా రిజర్వు నుంచి ఇచ్చి పార్లమెంటుకు చూపిస్తారు. ‘నికర’ అన్నది ముఖ్యం: ఎలాగూ ఇచ్చే జీతం కలపకూడదు, ఆగిపోయిన శిక్షణ విన్యాసాల మిగులు తీసేయాలి. లేకపోతే ఇద్దరు మంత్రులు ఒకే చర్యకు రెండు అంకెలు చెప్తారు, ఇద్దరిదీ తప్పు కాదు.

రహస్యం పోతుందంటారా, తేదీల వారీగా అక్కర్లేదు. చర్య ముగిసి ఆరు నెలలయ్యాక ఒక్క మొత్తం అనుబంధ పద్దు వివరణలో పెడితే చాలు. శత్రువుకు మన డీజిల్ బిల్లుతో ఒరిగేదేమీ లేదు.

కోరుకొండ_గంట
దీనికి నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి చూసుకోండి, బిల్లు మీద కోడ్ తప్పు పడటం యుద్ధ సమయంలో మామూలే. చర్య మొదలైన తేదీ, ముగిసిన తేదీ, ఏ దళాలు దాని కిందకు వస్తాయో ముందే ఉత్తర్వులో రాయకపోతే పక్క బెటాలియన్ టైర్లు కూడా ఆ లెక్కలోకే ఎక్కేస్తాయి.

సిక్కోలు_సీతాఫలం
మార్చి 31 సంగతి? చర్య మార్చిలో పడితే?

మూడులాంతర్లు
మంచి ప్రశ్న. ఆ రోజుకి ఖర్చు కానిది మురిగిపోతుంది. మార్చి 20న మొదలైన చర్య బిల్లులు ఏప్రిల్లో వస్తే కొత్త ఏడాది పద్దులో పడతాయి, పాత ఏడాదిలో మిగులు కనపడుతుంది. అంకెలు పోల్చేవాళ్లు రెండేళ్లూ కలిపి చూడాలి. రక్షణ ఆధునికీకరణకు మురిగిపోని నిధి పెట్టమని 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 2,38,354 కోట్లతో సిఫార్సు చేసింది. కొనేవాళ్లకు అది సుఖం, ఏటా అడిగే సభకు పట్టు తగ్గుతుంది. ప్రతిపక్షం పిల్లలకు ఇది ఇవ్వకండి, మనవాళ్లకే ఉంచండి.

చంపావతి_గట్టు
సరే, మనవాళ్లకే. 20వ పద్దు మైనర్ హెడ్ల పేజీ, ఒక అనుబంధ పద్దు పేజీ ముద్రించి ఇస్తాను, హెడ్ నంబర్లు చూడకుండా చెప్పగలిగేదాకా వేదిక ఎక్కనివ్వను.

తాటిముంజి
110 స్టోర్స్, 111 పనులు. నాకొచ్చేసింది బావూ, నన్నెక్కించండి.